ఏ కండోమ్ అడగాలి: మెడికల్ షాపు కౌంటరు వెనక నుంచి

రాత్రి తొమ్మిదిన్నర దాటాక హైదరాబాద్ చిక్కడపల్లిలో మా షాపుకి వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది ఏ ఈనో ప్యాకెట్టో, తలనొప్పి బిళ్ళో. అది ఇచ్చాక కూడా కదలరు. పక్కనున్న పెద్దాయన మందులు తీసుకుని వెళ్ళేదాకా ఫోను చూస్తూ నిలబడి, అప్పుడు గాజు అర వైపు వేలు చూపిస్తారు. "అక్కా, అదొకటి ఇయ్యవా?" ఏదంటే చెప్పలేరు. "ఏదైనా పర్లే" అంటారు. పేపర్లో చుట్టి ఇస్తే చిల్లర కూడా లెక్క చూసుకోకుండా మెట్లు దిగేస్తారు.

చెప్పుల జత కొనాలంటే రెండు సైజులు తొడిగి, నాలుగడుగులు నడిచి చూసే మనుషులం. ఒంటికి అంతకన్నా దగ్గరగా ఉండేదాన్ని, రోగం నుంచీ అనుకోని గర్భం నుంచీ కాపాడాల్సినదాన్ని "ఏదైనా పర్లే" అని కొనుక్కెళ్తుంటే నాకు బాధేస్తుంది. పదకొండేళ్ళుగా ఫార్మసిస్టుగా ఈ కౌంటరు వెనక ఉన్నాను. కౌంటరు ముందు నిలబడి అడగలేని ప్రశ్నలకి ఇక్కడ జవాబు చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాసనలు, చుక్కలు, "అల్ట్రా థిన్" అనే మాట, వీటితో మీకు పని తక్కువ. చిన్న అక్షరాల్లో మూడు సంగతులుంటాయి: వెడల్పు ఎంత, దేంతో చేశారు, గడువు ఎప్పటిదాకా. ఎంచుకోవాల్సింది వాటిని చూసి. ఆ మూడింట్లోనూ ముందు వెడల్పు.

వెడల్పు

ఆ మధ్య ఒకమ్మాయి, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, రెండు నెలల్లో మూడోసారి ఎమర్జెన్సీ పిల్ కోసం వచ్చింది. ఈసారి నేనే పక్కకి పిలిచి అడిగాను. "ఏమ్మా, కండోమ్ వాడట్లేదా?" "వాడుతున్నం అక్కా. చినుగుతలేదు. జారి లోపల్నే ఉండిపోతున్నది" అంది కళ్ళు దించుకుని. వాళ్ళాయన కొంటున్నది మంచి కంపెనీదే, ఖరీదైనదే. కానీ దాని వెడల్పు 56 మిల్లీమీటర్లు. పాత న్యూస్‌పేపర్ అంచు నుంచి వేలెడు వెడల్పు పట్టీ ఒకటి చించి చేతికిచ్చి, ఎలా కొలవాలో చెప్పాను. వారం తర్వాత ఫోన్లో రాసుకొచ్చిన అంకె చూపించింది: పదిన్నర సెంటీమీటర్లు. 49 ఇచ్చాను. ఆ తర్వాత ఆమె ఆ మాత్ర కోసం రాలేదు. ప్యాకెట్టు కోసం తనే వస్తుంది. రంగు చెప్పదు, బ్రాండు చెప్పదు. "నలభై తొమ్మిది ఉన్నదా అక్కా" అంటుంది.

కొలత కష్టమేమీ కాదు. అంగం పూర్తిగా గట్టిపడ్డప్పుడు మధ్యభాగంలో కాగితం పట్టీని చుట్టూ తిప్పి, అంచు కలిసినచోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలు పక్కన పెట్టండి. మరీ బిగించవద్దు. ఆ చుట్టుకొలత సుమారు పదకొండు సెంటీమీటర్ల లోపుంటే 49 మిల్లీమీటర్లదానితో మొదలుపెట్టండి. పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఉంటే 52 లేదా 53. అంతకు మించితే 55, 56. పెట్టె మీద రాసే వెడల్పు అంటే, కండోమ్‌ని విప్పి బల్ల మీద చదునుగా పరిస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకి ఉండే దూరం. షాపుల్లో ఎక్కువగా దొరికేవి 52, 53. కొన్ని పెట్టెల మీద ఈ అంకె అసలు కనిపించదు. అలాంటిది నేనైతే కొనను.

పొడవు గురించి దిగులు పడకండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీస పొడవే 16 సెంటీమీటర్లు, చాలా రకాలు అంతకన్నా పొడవుంటాయి. మిగిలింది అంగం మొదట్లో చుట్టలా ఉండిపోతుంది, నష్టం లేదు.

బిగుతైనది వేసుకుంటే అంగం మొదట్లో రింగు కోసుకుపోతున్నట్టు ఉంటుంది, కిందికి విప్పడానికి కష్టపడాలి, మధ్యలో అంగం మెత్తబడుతుంది. "కండోమ్ వేస్తే నాకు కుదరదు" అనే మగవాళ్ళలో కొందరి బాధ కండోమ్‌తో కాదు, ఆ సైజుతో. వదులుది వేసుకుంటే ముడతలు పడుతుంది, కదులుతుంది, బయటికి తీసేటప్పుడు లోపలే మిగిలిపోతుంది. పెద్ద సైజు అడిగితే గౌరవం అనుకుని అడిగేవాళ్ళు ఉంటారు. దయచేసి అలా అడక్కండి. జారిపోయిన కండోమ్ వల్ల భయపడేది మీరొక్కరే కాదు, పక్కనున్న మనిషి కూడా.

పల్చనిదా, మామూలుదా?

అందరూ భయపడే ప్రశ్న: పల్చనిది చిరుగుతుందా? మామూలు కండోమ్ మందం ఇంచుమించు 0.06 నుంచి 0.07 మిల్లీమీటర్లు. పల్చనిదని అమ్మేది 0.05, లేదా అంతకన్నా కాస్త తక్కువ. రెంటి మధ్య తేడా మన తలవెంట్రుక మందం కూడా లేదు. రెండూ ఒకే పరీక్ష దాటాలి. ఐఎస్ఓ 4074 అనే ప్రమాణంలో నమూనా కండోమ్‌లో 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఎక్కడైనా చెమ్మ దిగుతోందేమో చూస్తారు. ఇంకోదాంట్లో గాలి నింపుతారు. మధ్యరకం వెడల్పుది పగలకుండా కనీసం 18 లీటర్ల గాలి తట్టుకోవాలి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను దాదాపు నిండేంత గాలి అనుకోండి. అంత సాగేది మంచం మీద చిరిగిందంటే చాలాసార్లు కారణం మందం కాదు: కొనలో గాలి మిగలడం, తడి లేకపోవడం, గోరు తగలడం, ఎండకి పాడైపోవడం.

కాబట్టి పల్చనిది నచ్చితే పల్చనిదే తీసుకోండి. స్పర్శ తెలియట్లేదనే ఫిర్యాదుకి ఇంకో మందు ఉంది, చవక కూడా. వేసుకునే ముందు కండోమ్ కొన లోపల నీటి ఆధారిత జెల్ ఒకే ఒక్క చుక్క వేయండి. రెండు మూడు వేస్తే జారుతుంది. ఈ చుక్క చేసే తేడా ముందు 0.01 మిల్లీమీటరు తేడా ఎంత?

లేటెక్సా, వేరేదా?

రబ్బరు చెట్టు పాలతో చేసేది లేటెక్స్. చవక, బాగా సాగుతుంది, ఎక్కువమందికి ఇదే సరి. కొందరికి మాత్రం పడదు. వాడిన తర్వాత ఇద్దరిలో ఎవరికైనా దురద, ఎరుపు, వాపు వస్తే, బెలూన్లు ఊదినా రబ్బరు గ్లవుజులు వేసుకున్నా ఇలాగే అవుతుందా అని గుర్తు చేసుకోండి. అవుతుందంటే లేటెక్స్ లేనిది అడగండి. పాలీఐసోప్రీన్‌తో చేసినవి మెత్తగా, లేటెక్స్‌లాగే సాగుతాయి. పాలీయురేథేన్‌వి చాలా పల్చన, కానీ తక్కువ సాగుతాయి కాబట్టి సైజు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రెండూ ఖరీదు ఎక్కువ, అన్ని షాపుల్లో ఉండవు. ఊపిరి ఆడకపోవడం, పెదాలు వాయడం లాంటివి వస్తే అది షాపులో తేల్చుకునే సంగతి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కొంచెం మంట అనగానే లేటెక్స్‌ని నిందించకండి. ముందు వాసన, రంగు, ఏ మందూ లేని సాదా రకం వాడి చూడండి. స్ట్రాబెర్రీ, చాక్లెట్ వాసనల కోసం కలిపినవి కొందరికి పడవు. వీర్యకణాలను చంపే నానాక్సినాల్-9 పూసిన రకాలు కూడా ఉంటాయి. పదేపదే వాడితే యోని లోపలి పొర దెబ్బతిని హెచ్ఐవీ ప్రమాదం పెరుగుతుంది. పెట్టె మీద ఆ పేరు కనిపిస్తే వదిలేయండి.

కొబ్బరినూనె వద్దు

మన ఇళ్ళలో ఒంటికి ఏం కావాలన్నా చెయ్యి వెళ్ళేది కొబ్బరినూనె సీసా మీదికే. ఇక్కడ మాత్రం వద్దు. కొబ్బరినూనె, వాజెలిన్, బేబీ ఆయిల్, నెయ్యి, ఒంటికి రాసుకునే లోషన్లు, ఇవన్నీ లేటెక్స్‌ని నిమిషాల్లోనే నీరసం చేస్తాయి. కంటికి తెలియదు, సాగదీస్తే పటుక్కున పోతుంది. పాలీఐసోప్రీన్‌కి కూడా నూనె పడదు. నీటి ఆధారిత జెల్ గానీ సిలికాన్ జెల్ గానీ వాడండి. రెండూ మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. మలద్వారం ద్వారా కలిసేవాళ్ళకి జెల్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడ సహజంగా తడి ఉండదు. కాన్పు తర్వాతా, నెలసరి ఆగిపోయాకా ఆడవాళ్ళకి తడి తగ్గుతుంది. వాళ్ళకీ అంతే. ఇంకో మాట ఆడవాళ్ళకి: తెల్లబట్టకి యోనిలో పెట్టుకోమని ఇచ్చే క్లోట్రైమజోల్ లాంటి మందులు కూడా లేటెక్స్‌ని పాడు చేయవచ్చు. ఆ కోర్సు నడుస్తున్నన్నాళ్ళు డాక్టర్ని అడిగే వాడండి.

"ఎక్కువసేపు" అని రాసినవి

వీటిల్లో కొన లోపల బెంజోకైన్ అనే మొద్దుబారించే మందు ఉంటుంది. త్వరగా అయిపోతోందని బాధపడేవాళ్ళకి కొంత పనికొస్తుంది, కాదనను. కానీ తొందర్లో తిరగేసి వేస్తే ఆ మందు పక్కనున్న మనిషికి తగిలి ఆమెకి మొద్దుబారుతుంది. మీకు మొద్దుబారితే కండోమ్ చిరిగినా వెంటనే తెలియదు. మొదటిసారి వాడేవాళ్ళకి నేను ఇవ్వను, సాదాది ఇస్తాను. చుక్కలు, గీతలు ఉన్నవి మీ ఇష్టం, రక్షణలో తేడా లేదు. వాసనలు నోటితో చేసేటప్పటికి పెట్టినవి. యోనికి సాదాదే మేలు.

ఆడవాళ్ళ కండోమ్

ఇది అడిగేవాళ్ళు ఏడాదికి నలుగురు కూడా ఉండరు. తెలియకపోవడమే కారణం. రెండు రింగులున్న మెత్తటి సంచి. చిన్న రింగు లోపలికి, పెద్దది బయట. కలయికకి ఎనిమిది గంటల ముందే పెట్టుకోవచ్చు. మగాడు "నేను వేసుకోను" అన్న ఇంట్లో గర్భంతో పాటు రోగాన్నీ అడ్డుకునేలా ఆడది తన చేతిలో ఉంచుకోగలిగిన రక్షణ ఇది అని నాకు దీనిమీద ప్రత్యేకమైన గౌరవం. ఖరీదు ఎక్కువ, అలవాటయ్యేదాకా ఇబ్బంది, గర్భం ఆపడంలో మగవాళ్ళ కండోమ్ కంటే కాస్త తక్కువే. రెండూ కలిపి మాత్రం వాడకండి, ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. మగవాళ్ళవి రెండు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం కూడా అంతే తప్పు.

ఎక్కడ తెచ్చుకోవాలి?

ఉచితంగా ఇచ్చేది నాసిరకం అనే మాట వదిలేయండి. 1968లో ప్రభుత్వం నిరోధ్‌ని ఒక్కొక్కటి ఐదు పైసలకి ఊరూరా అమ్మించింది. ఆ పేరే మన ఇళ్ళల్లో ఆ వస్తువుకి పేరైపోయింది. ఇప్పుడూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిస్తే మూడింటి ప్యాకెట్టుకి రూపాయి. సువాసన ఉండదు, సైజుల్లో ఎంపిక ఉండదు. ఆ సైజు మీకు సరిపోతే నెలనెలా డబ్బు ఖర్చు అక్కర్లేదు.

సైజు కావాలంటే మెడికల్ షాపు. సిగ్గనిపిస్తే పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు. అక్కడ తీరిగ్గా కూర్చుని చిన్న అక్షరాలు చదువుకోవచ్చు, అది నిజంగా మేలు. భారీ తగ్గింపు చూసి ముప్ఫై, నలభై ఉన్న పెట్టె తెప్పిస్తే మాత్రం రాగానే గడువు తేదీ చూడండి.

ఎక్కడ కొన్నా, తర్వాత ఎక్కడ పెడతారన్నదే హైదరాబాద్‌లో అసలు సమస్య. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఎండలో ఆపిన బండి సీటు మీద కూర్చోలేం కదా, ఆ సీటు కింద డిక్కీలో నెలరోజులుగా ఉన్న ప్యాకెట్టు సంగతి ఆలోచించండి. కారు డ్యాష్‌బోర్డు ఇంకా ఘోరం. పర్సులో పెడితే ఒంటి వేడి, రాపిడి రెండూ. హాస్టల్లో అయితే బట్టల మధ్య, ఇంట్లో అయితే బీరువాలో పెట్టండి. బయటికి వెళ్ళేటప్పుడు ఆ రోజుకి కావాల్సింది చిన్న గట్టి డబ్బాలో. ఒకసారి నేను కూడా వేరే ఊళ్ళో ఒక షాపులో గాజు తలుపుకి ఆనించి నేరుగా ఎండ పడేచోట వీటిని వరసగా పేర్చడం చూశాను. అలాంటి చోట కొనకండి.

వేసుకోవడం

ఎంత మంచిది ఎంచుకున్నా ఇక్కడ తప్పితే అన్నీ వృథా. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి 98 మంది ఆడవాళ్ళు గర్భం రాకుండా ఉంటారు. మామూలుగా జనం వాడే తీరులో అయితే 87 మంది. ఆ పదకొండు మంది తేడా అంతా చేతిలోనే ఉంది.

కవరుని రెండు వేళ్ళ మధ్య నొక్కండి. లోపల గాలి బుడగలా తగలాలి. తగలకపోతే ఎక్కడో చిల్లు పడింది, పారేయండి. లోపలున్నదాన్ని వేలితో ఒక పక్కకి జరిపి, రంపపు పళ్ళలా ఉన్న అంచు దగ్గర చేత్తో చింపండి. పళ్ళూ వద్దు, కత్తెరా వద్దు. ఇప్పుడు ఏ వైపు పైకన్నది చూడాలి. చుట్ట బయటివైపు ఉండి, చిన్న టోపీలా కనిపిస్తే సరైన వైపు. బొటనవేలి మీద పెట్టి ఒక్క చుట్టు విప్పి చూడండి: సులువుగా దిగితే సరే. తిరగేసి అంగానికి తగిలించేశారా, దాన్నే తిప్పి వేయకండి, కొత్తది తీయండి. అప్పటికే దానికి ద్రవం అంటి ఉంటుంది.

కొనని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, గాలి తీసేసి, అలా పట్టుకునే మొదలుదాకా విప్పండి. నేను చూసినంతలో ఎక్కువమంది వదిలేసేది ఈ కొన నొక్కడమే. ముందు కాసేపు లేకుండా, చివర్లో వేసుకోవడం పనికిరాదు. ఒంటికి ఒళ్ళు తగలకముందే వేసుకోవాలి. అయిపోయాక అంగం మెత్తబడేదాకా ఆగకండి. అంగం మొదట్లో ఉన్న రింగుని వేళ్ళతో పట్టుకుని అప్పుడే బయటికి తీయాలి. పైన చెప్పిన అమ్మాయి ఇంట్లో సైజుతో పాటు ఇది కూడా తప్పుతోందని తర్వాత తెలిసింది. మళ్ళీ కలిస్తే మళ్ళీ కొత్తది. మలద్వారం నుంచి యోనికి మారినా కొత్తదే.

ముడేసి, పేపర్లో చుట్టి, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వండి. ఘనవ్యర్థాల నిబంధనల్లో ఇది కూడా శానిటరీ చెత్త కిందే వస్తుంది. చెత్త ఆటోలో వేరుచేసేవాళ్ళు ఒట్టి చేతులతో తీస్తారు. ఫ్లష్ చేస్తే అపార్ట్‌మెంటు పైపులు మూసుకుపోతాయి.

మొదటిసారి వాడబోయే అబ్బాయిలకి ఒక సలహా: ఒక ప్యాకెట్టు ఒంటరిగా సాధన చేయడానికే పెట్టుకోండి. చీకట్లో, కంగారులో నేర్చుకునే పని కాదిది.

మాత్రలు, కాపర్-టీ ఉండగా ఇదెందుకు?

ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలు, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయా మాత్ర, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్, కాపర్-టీ, కు.ని. ఆపరేషన్, ఇవన్నీ గర్భం ఆపడంలో మంచివే. కాపర్-టీ అయితే కండోమ్ కంటే మెరుగు. కానీ ఒక్కటీ రోగాన్ని ఆపదు. హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియాలను కండోమ్ బాగా అడ్డుకుంటుంది. చర్మం తగిలితే సోకే హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ విషయంలో ప్రమాదం తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు, కప్పనిచోట పుండు ఉంటే సోకవచ్చు. కొత్త బంధమైతే కండోమ్ తప్పదు. పిల్లలు ఇప్పుడే వద్దని గట్టిగా అనుకునే జంటలు కాపర్-టీ, కండోమ్ రెండూ పెట్టుకుంటే నాకు సంతోషం. బయట వదిలేయడాన్ని నేను పద్ధతిగానే లెక్కపెట్టను.

ఇంకోటి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తంమీద కండోమ్ మీద ఆధారపడే జంటలు నూటికి పదిలోపే. పాతికేళ్ళకి ఆపరేషన్ చేయించుకుని మా షాపుకి నొప్పి బిళ్ళల కోసం వచ్చే ఆడవాళ్ళని చూస్తాను. వాళ్ళాయనకి ఒక్క ప్యాకెట్టు అడగడానికి సిగ్గు.

చిరిగితే, జారితే

ఏడుస్తూ కూర్చోకండి, గంటలు లెక్క పెట్టండి. గర్భం భయమైతే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. చీటీ అక్కర్లేదు. రెండు గంటల్లోపు వాంతయితే మళ్ళీ వేసుకోవాలి. నెలసరి వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేసుకోండి. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకున్నా పనిచేస్తుంది.

హెచ్ఐవీ భయమైతే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ కేంద్రాలున్నాయి, అక్కడికి వెళ్ళి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. ఇవి మా షాపులో అడిగి కొనుక్కునే మందులు కావు, డాక్టరే ఇవ్వాలి. వేరే సుఖవ్యాధుల పరీక్షకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నాయి. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే 1097కి ఫోన్ చేయండి, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. హెచ్ఐవీ పరీక్ష ఫలితాన్ని మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది.

మా షాపు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే పేరు చెప్పక్కర్లేదు, అంకె చెప్పండి చాలు.